ఎడమ మడ్‌గార్డు

మా నాన్న పనిచేసిన షెడ్డులో వయసైపోయి పని మానేసేవాళ్ళకి ఒక గోడగడియారం ఇస్తారు. నాన్నకి మాత్రం మూడు చెక్కపెట్టెలు ఇచ్చారు.

పెట్టెల్లో ఉన్నది కారు. అంటే, కారు కాబోయే ముక్కలు. ఇలాంటి కార్లు విడిభాగాలుగా వస్తాయి, పుస్తకం చూసుకుంటూ ఎవరికి వారే బిగించుకోవాలి. రెండే సీట్లు, పైకప్పు ఉండదు, ముందు చక్రాలు బండి ఒంటికి అంటకుండా బయటికి పొడుచుకొని ఉంటాయి. ఎవరో సరదా మనిషి రంగు వేయించుకుందామని ఆ పెట్టెలు తెచ్చి దింపాడట. సరదా తీరిపోయిందో ఏమో, ఆరేళ్ళు అజాపజా లేదు. చివరికి "నాకొద్దు, ఎవరికైనా ఇచ్చేయండి" అని కాగితం రాసి పంపాడు. యజమాని ఆ కాగితం నాన్న చేతిలో పెట్టి, "గడియారం చూసుకుంటూ ఇంట్లో కూర్చునే రకం కాదు మేస్త్రీ నువ్వు" అన్నాడట.

నాన్న కార్లకి రంగు వేసే మేస్త్రి. ముప్ఫైరెండేళ్ళు అదే పని. ఆయన చేతిమీదుగా ఎన్ని కార్లు వెళ్ళాయో లెక్కలేదు. నడిపింది మాత్రం రంగు గది నుంచి ఆరబెట్టే చోటిదాకా, ఇరవై మీటర్లు. అక్కడ ఆపి, తాళంచెవి ఇచ్చేసి, వెనక్కి నడిచి వచ్చేవాడు. లైసెన్సు ఉంది, ఠంచనుగా కొత్తది చేయించుకుంటూనే ఉన్నాడు. కారే లేదు. అందుకే మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆయనకి 'ఇరవై మీటర్ల డ్రైవరు' అని పేరు పెట్టాడు.

మామయ్యకి లేత్ మిషను షెడ్డు ఉంది. ఎనిమిది నెలలు, ప్రతి ఆదివారం, ఆ షెడ్డులోనే కారు బిగించాం. అమ్మ తన కుట్టుమిషను మీద సీట్లకి కవర్లు కుట్టింది. మామయ్య కుదరని ముక్కలు కుదిర్చాడు. నాన్న రంగు వేశాడు. పుస్తకం చదివి ఏది ముందో ఏది వెనకో చెప్పడం, బోల్టులు బిగించడం నా వంతు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. మెకానికల్ ఇంజనీరింగు చదివి పంపుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరాను. అప్పటినుంచి ఇంట్లో కుళాయి కారినా, ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా, పక్కింటివాళ్ళ ఫోను మొరాయించినా నన్నే పిలుస్తారు. "చదువుకుంది కదా" అంటారు. తెలియదని చెప్పడానికి నాకెప్పుడూ నోరు రాలేదు.

ఇంట్లో బిగించిన కారు రోడ్డెక్కాలంటే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు చూసి ఒప్పుకోవాలి. మూడు అవకాశాలు ఇస్తారు. మూడోసారీ తప్పితే దరఖాస్తు కొట్టేస్తారు. ఆ తర్వాత కారు షెడ్డులో బొమ్మలా ఉండాల్సిందే. మాకు మొదటిసారి హారను వల్ల పోయింది. పిల్లి గొంతు సవరించుకున్నట్టుందని ఇన్‌స్పెక్టరు రాశాడు. అది పెద్ద పని కాదు, మార్చేశాం. రెండోసారి పోయింది నావల్ల.

ఆ రోజు ఇన్‌స్పెక్టరుగారు కారెక్కి, తనిఖీ మైదానంలో గతుకులు పరిచిన దారిలో మూడు చుట్లు తిప్పి తెచ్చారు. ఆయన దిగకముందే రబ్బరు కాలిన వాసన వచ్చింది. ముందు ఎడమ చక్రం దగ్గర వంగి, మడ్‌గార్డు లోపలికి చెయ్యి పెట్టి తీశారు. వేళ్ళు నల్లగా ఉన్నాయి.

"ఇదిగో, మడ్‌గార్డు కిందికి జారి టైరుని రాసుకుంటోంది. వేగం మీద ఉండగా టైరు పేలితే? దీన్ని బిగించిందెవరు?"

"మా అమ్మాయండీ. ఇంజనీరు," అన్నాడు నాన్న, పతకం వచ్చినట్టు.

నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

ఇన్‌స్పెక్టరుగారు కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకొని కారు చుట్టూ ఒకసారి తిరిగారు. "రంగు మాత్రం అద్దంలా ఉంది. రంగుకి మార్కులుంటే మీరే క్లాసు ఫస్టు," అన్నారు. కాగితం మీద 'తప్పింది' అని రాశారు. మూడో తనిఖీ పన్నెండు రోజుల్లో వేశారు, గురువారం.

తిరిగొచ్చేటప్పుడు, లారీ మీదికి ఎక్కించిన కారు వైపు చూసుకుంటూ నాన్న ఆ మాటే తలచుకొని మురిసిపోయాడు. "అద్దంలా ఉందన్నాడు, విన్నావా?"

"విన్నాం బావా," అన్నాడు మామయ్య. "ఇంకోసారి తప్పితే ఆ అద్దంలో మొహం చూసుకుంటూ షెడ్డులో కూర్చోవచ్చు."

నాన్న నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు, ఆయన ఎంత ఆశ పెట్టుకున్నాడో. షెడ్డుల వీధికి రెండువైపులా గేట్లుంటాయి, లోపల కారు తిప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎనిమిది నెలల్లో నేను తిప్పాను, మామయ్య తిప్పాడు. నాన్న ఒక్కసారి కూడా స్టీరింగు ముందు కూర్చోలేదు. "నేను రోడ్డు మీదే నడుపుతా. ఇక్కడిక్కడే తిప్పేది ముప్ఫైరెండేళ్ళు చేశాను," అనేవాడు.

ఇక నా తంటాలు మొదలయ్యాయి.

ముందు చక్రం మీది మడ్‌గార్డుకి లోపలివైపు రెండు చెవులుంటాయి. చక్రం వెనకనుంచి వచ్చే ఇనప బ్రాకెట్‌కి ఆ చెవుల్ని రెండు బోల్టులతో బిగించాలి. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు సరిచూసుకోవడానికి వీలుగా బ్రాకెట్‌లో చిల్లులు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. నాన్న ఆ సందుని బొటనవేలితో కొలిచేవాడు. వేలు అడ్డంగా దూరి, పైనా కిందా కొంచెం గాలి ఆడాలి.

నేను స్ప్రింగు వాషర్లు వేశాను. మామయ్య షెడ్డుల వీధిలోని పదకొండు స్పీడు బ్రేకర్ల మీదుగా ఇరవై రౌండ్లు తిప్పాడు. మడ్‌గార్డు జారింది. లాక్ నట్టులు వేశాను, వాటి లోపల ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది, తిరిగి వదులు కావు. జారింది. బోల్టు మరకి జిగురు రాశాను. జారింది. ఫ్యాక్టరీలో అడిగి, బిగింపు ఎంతో చూపే స్పానరు తెచ్చాను. అనుకున్న బిగుతు రాగానే అది టిక్కుమంటుంది. పుస్తకంలో చెప్పినంతా, దానిమీద ఇంకొంచెమూ బిగించాను. ఇరవై రౌండ్లకి మళ్ళీ నాన్న బొటనవేలు దూరలేదు.

"కుడివైపుది చూడు," అన్నాడు మామయ్య, కారు దిగి దుమ్ము దులుపుకుంటూ. "వెంట్రుకవాసి కదల్లేదు. ఎందుకో చెప్పనా? ఆ బ్రాకెట్ నేను చేశాను."

అది నిజమే. పెట్టెలో వచ్చిన కుడి బ్రాకెట్ విరిగిపోయి ఉంటే మామయ్య కొత్తది చేశాడు. చిల్లులు కుదరకపోతే మడ్‌గార్డు చెవుల్ని కూడా ఆకురాయితో బాగా రుద్ది, తన డబ్బాలోంచి వాషర్లు తీసి బిగించేశాడు. నాన్న దానికి కారుమీదే, టైరుకి కాగితం చుట్టి, రంగు వేయాల్సి వచ్చింది.

"నీ బ్రాకెట్ గొప్పలు తర్వాత," అన్నాడు నాన్న. "అమ్మాయిని ఆలోచించనీ."

అమ్మాయి ఆలోచిస్తూనే ఉంది. అమ్మ గోళ్ళరంగు సీసా తీసుకొచ్చి, నట్టు మీదుగా బోల్టు చివరనుంచి వాషరు దాకా ఒక గీత గీశాను. నట్టు కాస్త తిరిగినా గీత తెగుతుంది. దాంతో ఎక్కడ వదులవుతోందో తెలిసిపోతుందని నా ధైర్యం.

"నా గోళ్ళకి లేదు గానీ బోల్టులకి సోకులా?" అంది అమ్మ.

ఇరవై రౌండ్లయ్యాయి. గీత చెక్కుచెదరలేదు. మడ్‌గార్డు మాత్రం జారింది.

తల పట్టుకున్నాను. నట్టు తిరగలేదు, బోల్టు విరగలేదు, మర పోలేదు. మరి ఏం వదులైనట్టు? ఫ్యాక్టరీలో భోజనాల వేళ కూడా అదే గొడవ. మా పెద్ద ఇంజనీరు ఏమైందని అడిగితే, ఏం లేదు సార్ అన్నాను. అక్కడ కూడా నాకు తెలియదనే మాట రాలేదు.

దారి చూపింది అమ్మ. శనివారం సాయంత్రం ఆమె కారు సీట్లలో ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకొని గొణుక్కుంటోంది. "ఇరవై రౌండ్లు, ఇరవై రౌండ్లు అని మీ మామయ్య దీనిమీదే కూర్చుని కూర్చుని గుంట చేశాడు. చూడు, కవరు ఎలా వదులుగా వేలాడుతోందో."

"కుట్టు ఊడిందా?"

"నా కుట్టు ఎందుకు ఊడుతుంది? దారం దారంలాగే ఉంది. లోపల మెత్త అణిగింది. మెత్త అణిగితే పైనున్న కవరు వదులు కాక ఏమవుతుంది?"

నేను అలాగే నిలబడిపోయాను. దారం ఊడలేదు. మెత్త అణిగింది.

ఆదివారం పొద్దున నాన్న కళ్ళద్దాలు మార్పించుకోవడానికి వెళ్ళాడు. నేనూ మామయ్యా షెడ్డు తెరిచాం. గీత చెరగని ఆ నట్టు మీద టిక్కుమనే స్పానరు పెట్టి మెల్లిగా తిప్పాను. మొన్న టిక్కుమన్న చోటే ఇప్పుడూ వెంటనే టిక్కుమనాలి. అనలేదు. పావు చుట్టు తిరిగాక గానీ అనలేదు. అంటే నట్టు ఉన్నచోటే ఉంది, అది నొక్కి పట్టుకున్నదే పలచబడింది.

బోల్టు విప్పాం. వాషరు కింద ఎర్రటి రంగు మెత్తగా నలిగి, చుట్టూ చిన్న గట్టులా పొంగి ఉంది. వాషరు తిప్పి చూశాను. దానికీ రంగే. రెండు ముఖాలకీ. లేత ఎరుపు, దాని మీద ముదురు ఎరుపు, పైన అద్దంలాంటి మెరుపు పూత.

"వాషర్లకి కూడానా!" అన్నాడు మామయ్య. మొహంలో నవ్వు, భయం రెండూ ఉన్నాయి.

లెక్క వేశాను. పైన వాషరు, మడ్‌గార్డు చెవి, బ్రాకెట్, కింద వాషరు. నాలుగు ముక్కలు, ఎనిమిది ముఖాలు. మామయ్య మైక్రోమీటరుతో కొలిస్తే ఎనిమిది ముఖాల మీదా కలిపి రంగే మిల్లీమీటరు పైచిలుకు తేలింది. బోల్టు పట్టు మరలో ఉండదు, బిగించినప్పుడు అది సాగే సాగులో ఉంటుంది. ఆ సాగు వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. గతుకులకి రంగు అంతమాత్రం అణిగినా చాలు, పట్టు పోతుంది. కోలచిల్లులో మడ్‌గార్డు తన దారిన తాను జారుతుంది. పరీక్షలో ఇదే ప్రశ్న వస్తే పది మార్కులకి పది రాసేదాన్ని.

పుస్తకం తీశాను. పద్దెనిమిదో పేజీలో ఉంది. 'కలిసే ముఖాలు శుభ్రంగా ఉండాలి.' నేనది చదివాను. శుభ్రంగా అంటే దుమ్ము తుడవడం అనుకొని తుడిచాను కూడా.

"మరి నీ బ్రాకెట్ ఎందుకు జారలేదో తెలిసిందా మామయ్యా? నువ్వు ఆత్రంకొద్దీ రంగు వేయించకుండానే బిగించావు. అంతే."

మామయ్య మొహం కొంచెం చిన్నబోయింది. "ఏదైతేనేం, జారలేదు కదా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బావకి ఎవరు చెప్తారు?"

అదే అసలు చిక్కు. ముప్ఫైరెండేళ్ళు ఊరందరి కార్లకీ రంగు వేసి, తన సొంత కారుకి మొదటిసారి వేసుకున్నాడు. నలుసంత చోటు కూడా వదలకుండా, వాషర్లకి సైతం. అదే చెడగొట్టిందని ఏ నోటితో చెప్పను?

"నువ్వు చెప్పకు," అన్నాను. "నేను చూసుకుంటా."

రెండు రోజులు చూసుకున్నాను. చుట్టూ పళ్ళున్న వాషర్లు తెచ్చి వేశాను. పళ్ళు రంగులో దిగాయి, రంగుతో పాటే జరిగాయి. బోల్టు లావు పెంచుదామని లెక్కలు కట్టాను. ఎంత లావు బోల్టయినా మెత్త మీదే కదా కూర్చునేది. మంగళవారం సాయంత్రానికి మిగిలింది ఒక్క రోజు.

"ఒసేయ్," అన్నాడు మామయ్య, "బావ మనసు నొప్పించకుండా నువ్వు ఆయన కారుని పాతరేస్తున్నావు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నేను చెప్తే ముందు పావుగంట నవ్వి, తర్వాత చెప్తాను."

ఇంటికొచ్చాను. నాన్న వరండాలో టీ తాగుతున్నాడు. అమ్మ మిషను మీద గుంటపడ్డ సీటు బాగుచేస్తోంది. మామయ్య నా వెనకే వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు, వినోదం చూడ్డానికి.

"నాన్నా, ఒక మాట. కోపం తెచ్చుకోకు."

"కారు ఎక్కడన్నా గుద్దావా?"

"లేదు."

"అయితే చెప్పు."

"మడ్‌గార్డు ఎందుకు జారుతోందో తెలిసింది. రంగు వల్ల. నీ రంగు వల్ల. బోల్టు కింద రంగు ఉండకూడదు. అది అణిగిపోయి పట్టు వదిలేస్తోంది."

మిషను చప్పుడు ఆగిపోయింది. నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. లేచి, చెప్పులేసుకొని, వీధిలోకి వెళ్ళిపోయాడు.

"చెప్పే పద్ధతి అదా?" అంది అమ్మ. "ఏడుస్తున్న పిల్లకి సూదేసినట్టు!"

మామయ్య కూడా నవ్వడం మరిచిపోయాడు. పది నిమిషాల తర్వాత నాన్న షెడ్డు నుంచి తిరిగొచ్చాడు. చంకలో ఒక రేకు ట్రే ఉంది. ముక్కలు రంగుకి పంపేటప్పుడు నేను వాడిన ట్రే. దాన్ని నా ముందు నిలబెట్టాడు. అడుగున సుద్దతో, నా గుండ్రటి అక్షరాల్లో, ఇంకా చెరగకుండా ఉంది: 'ఇవన్నీ రంగు వెయ్యాలి.'

"ఇది ఎవరి రాత?" అన్నాడు.

బ్రాకెట్ ముక్కలు, వాషర్లు, అన్నీ ఒకే ట్రేలో పోసి, ఆ మాట రాసి ఇచ్చింది నేనే. రాసిన సంగతే మరిచిపోయాను.

"ముప్ఫైరెండేళ్ళలో వాషరుకి రంగు వెయ్యడం అదే మొదలు," అన్నాడు నాన్న. "పట్టుకుంటే చేతికి అంటుతోందని తీగకి గుచ్చి, దండలా వేలాడదీసి వేశాను. ఒక పక్క ఆరాక తిప్పి రెండో పక్క. నాకూ వింతగానే ఉంది. కానీ నువ్వు రాశావు. చదువుకున్న పిల్ల, ఇప్పటి పద్ధతేమో అనుకున్నా."

"ఒక్క మాట అడగొచ్చుగా నాన్నా!"

"నువ్వు అడిగావా మరి? బిగించేటప్పుడు వాషరు ఎర్రగా ఉంటే నీకు కనబడలేదా?"

"కనబడింది. నువ్వు మేస్త్రివి కదా, తెలిసే వేసుంటావనుకున్నా."

ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ముందు నవ్వింది ఎవరో గుర్తులేదు. గడప దగ్గర మామయ్య అయితే కూలబడి నవ్వాడు. "ఆహా! నువ్వు పెద్దంటే నువ్వు పెద్దని ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకుంటూ కారుని గుంటలో దించారు!"

"ఇంత మర్యాద ఈ ఇంట్లో ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు," అంది అమ్మ, మళ్ళీ మిషను తొక్కుతూ. "నాకు మాత్రం ఒక్క ముక్క కనబడదు."

నేను మాత్రం నవ్వి ఊరుకోలేకపోయాను. "నాకు తెలియలేదు నాన్నా," అన్నాను. "రాసేటప్పుడు కూడా తెలియదు. తెలిసినట్టు రాశాను." ఆ మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టింది. అన్నాక చూస్తే అంత బరువైనదేం కాదు.

నాన్న ట్రే పక్కన పెట్టాడు. "సరే. ఎంత మేర కలుస్తాయో గీత గీసివ్వు. రంగు పడాల్సిన చోట వెయ్యడం ఎవరైనా చేస్తారు. పడకూడని చోట పడకుండా చూడ్డానికే నాకు జీతం ఇచ్చేవాళ్ళు. గాజు మీద, రబ్బరు మీద, దీపం మీద ఒక్క చుక్క పడనిచ్చానా ఎప్పుడైనా?"

బుధవారం నేను సెలవు పెట్టాను. అడిగితే మా పెద్ద ఇంజనీరు ఎందుకన్నారు. "ఒక తప్పు దిద్దుకోవాలి సార్" అన్నాను. ఆయన వెంటనే సంతకం పెట్టారు.

నాన్న పనిచేస్తుంటే చూడాలి. నేను పెన్సిలుతో గీసిన హద్దుకి బయట కాగితపు టేపు అంటించాడు. గోటితో అంచంతా నొక్కాడు. రంగు కరిగించే మందు గుడ్డకి అద్ది, హద్దు లోపల మాత్రం రుద్దాడు. పాత బ్లేడుతో గీకాడు. టేపు తీస్తే, ఎర్రటి అద్దం మధ్యలో తెల్లటి లోహం, కత్తితో కోసినంత సూటిగా అంచు. ఎనిమిది ముఖాల్లో నాలుగు వాషర్లవి, వాటిని తీసేసి కొత్తవి తెచ్చాం. ఆ పాతవాటిని మామయ్య మళ్ళీ తీగకి దండలా గుచ్చి, తన మిషను మీద మేకుకి తగిలించుకున్నాడు. "బావ చేతి నగ. నేనివ్వను," అన్నాడు.

లోహం మీద లోహం పెట్టి బిగించాను. టిక్.

"ఇంకొకటి ఉంది," అన్నాను. "కోలచిల్లు ఉన్నంతకాలం, ఎప్పుడో ఒకప్పుడు జారే వీలు ఉంటూనే ఉంటుంది. సందు సరిగ్గా పెట్టుకున్నాక, చెవినీ బ్రాకెట్‌నీ కలిపి ఒక గుండ్రటి చిల్లు వేసి, అందులో బిర్రుగా పిన్ను కొట్టాలి. అప్పుడు జారాలన్నా చోటుండదు."

"నా మడ్‌గార్డుకి ఇంకో చిల్లా?" అన్నాడు నాన్న.

"లోపలి చెవికి బావా, బయటికి కనబడదు."

"నాకు తెలుస్తుందిగా."

"తెలిస్తే తెలిసింది. తెలియదని ఊరుకుంటే ఏమైందో చూశాంగా," అని మామయ్య పిన్ను చెయ్యడానికి లేత్ మిషను ఆన్ చేశాడు. నాన్న బొటనవేలు సందులో పెట్టి పట్టుకున్నాడు. ఆ వేలు తీయకుండానే నేను చిల్లు వేశాను, మామయ్య పిన్ను కొట్టాడు. తర్వాత నాన్న సన్నటి కుంచెతో కలయిక అంచు చుట్టూ ఒక గీత రంగు పూశాడు, తుప్పు లోపలికి పాకకుండా. కుడివైపు కూడా అలాగే పిన్ను కొట్టాం. మామయ్య "అక్కర్లేదు, అది నేను చేసింది" అంటూనే కొట్టాడు.

నలభై రౌండ్లు తిప్పాం. ఇరవై మామయ్య, ఇరవై నేను. ప్రతి పదికీ నాన్న వచ్చి వంగి వేలు పెట్టి చూశాడు. వేలు దూరింది, పైనా కిందా గాలి ఆడింది. నట్టు మీద స్పానరు పెడితే కదలకుండానే టిక్కుమంది. చివర్లో గోళ్ళరంగుతో మళ్ళీ గీత గీశాను. ఈసారి అమ్మే సీసా ఇచ్చి, "కొంచెం మిగల్చండి" అంది.

గురువారం తనిఖీ మైదానంలో ఇన్‌స్పెక్టరుగారు మమ్మల్ని చూసి కళ్ళజోడు సరిచేసుకున్నారు. "అద్దం మేస్త్రీ, మళ్ళీ వచ్చారా?" అన్నారు. హారను కొట్టి తలూపారు. గతుకుల దారిలో తిప్పడం మొదలుపెట్టారు. రెండోసారి మూడు చుట్లు తిప్పిన మనిషి ఈసారి ఆరు తిప్పారు. నేను వేళ్ళ మీద చుట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. నాన్న మాత్రం కళ్ళు మూసుకొని ముక్కుతో గాలి పీలుస్తున్నాడు.

"వాసన లేదు," అన్నాడు మెల్లిగా.

ఇన్‌స్పెక్టరుగారు దిగి, ఎడమ మడ్‌గార్డుని రెండు చేతులా పట్టుకొని కుదిపారు. కారంతా ఊగింది గానీ అది కదల్లేదు. లోపలికి చెయ్యి పెట్టి తీశారు. వేళ్ళకి ఏమీ అంటలేదు. టార్చి వేసి వంగి చూశారు.

"ఈ గులాబీ గీత ఏంటి?"

"మా అమ్మ గోళ్ళరంగండీ," అన్నాను. "నట్టు తిరిగితే తెలియడానికి."

"ఇక్కడ పిన్ను కొట్టారు. ముందు లేదే?"

"ముందు నాకు తెలియదండీ. బోల్టు కింద రంగు వేయించాను, అది అణిగి జారింది. ఆ తప్పు నాదే."

"తప్పు ఇద్దరిదీ అండీ," అన్నాడు నాన్న పక్కనుంచి. "సగం నాది."

ఆయన మా ఇద్దరి వంకా చూసి, "ఇక్కడ అందరూ తప్పు నాది కాదని వాదించేవాళ్ళే వస్తారు. ఇలా పంచుకునేవాళ్ళని చూళ్ళేదు," అన్నారు. కాగితం మీద ఏదో రాశారు. నాన్న కొత్త కళ్ళద్దాల్లోంచి కూడా చదవలేక నాకు ఇచ్చాడు. 'ఒప్పింది' అని ఉంది. గట్టిగా చదివాను. మామయ్య ఈల వేశాడు, అక్కడ ఈలలు వేయకూడదని గోడ మీద రాసి ఉన్నా.

తాత్కాలిక నంబరు అంటించారు. అమ్మ వచ్చి పక్క సీట్లో కూర్చుంది, మెత్త నొక్కి చూసుకుని. నాన్న తలుపులేని ఆ కారులోకి కాలు పెట్టి, ఒక నిమిషం స్టీరింగు మీద చేతులు వేసి ఊరుకున్నాడు. తర్వాత కదిలించాడు. కారు సాఫీగా సాగి, దగ్గర్లోనే ఉన్న గేటు దాకా వెళ్ళింది. గేటు తెరిచే ఉంది.

అక్కడ ఆగిపోయింది.

నేనూ మామయ్యా పరుగెత్తాం. నేను సూటిగా ఎడమ చక్రం దగ్గరికెళ్ళి వంగాను. ఏమీ లేదు, అంతా బాగానే ఉంది.

"ఏమైంది బావా?" అని రొప్పుతూ అడిగాడు మామయ్య.

నాన్న చేతిలో తాళంచెవి ఉంది. ఇంజను ఆపి, తీసేశాడు. నాకు ఇవ్వబోయి, చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మొహంలో సిగ్గు.

"ఏం లేదమ్మా," అన్నాడు. "ఇక్కడికి ఇరవై మీటర్లయింది. అలవాటు."

మామయ్య ఉడికించడానికి నోరు తెరిచాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, మూసేశాడు.

నాన్న దిగాడు. ఎడమ చక్రం దగ్గరికొచ్చి, నా పక్కనే వంగి, బొటనవేలు సందులో పెట్టాడు. వేలు దూరింది. నేనూ నా వేలు పెట్టాను. నాది కాస్త సన్నం, గాలి ఇంకొంచెం ఎక్కువ ఆడింది.

"మీ ఇద్దరూ ఆ చక్రాన్నే చూసుకుంటూ కూర్చోండి," అంది అమ్మ సీట్లోంచి. "నేను దిగి నడిచి వెళ్ళిపోతాను. మీకంటే ముందే ఇంటికి చేరతాను."

నాన్న లేచి, చేతులు దులుపుకొని, వెళ్ళి కూర్చున్నాడు. తాళంచెవి పెట్టి తిప్పాడు. నావైపు చూసి, "ఎటు తిరగాలే? ఎడమకా, కుడికా?" అన్నాడు.

"నాకు తెలియదు నాన్నా," అన్నాను. "నీ ఇష్టం."

కారు ఎడమకి తిరిగింది. అటు మా ఇల్లు కాదు. మామయ్య "బావా, ఇల్లు ఇటు!" అని అరిచాడు గానీ, ఇంజను చప్పుడులో అది వాళ్ళకి వినబడినట్టు లేదు.